కొలతకు లొంగిన విద్యుత్తు

విద్యుత్ నిరోధానికి ప్రమాణం ఓమ్. ఆ మాట తొలిసారి చెవినబడిన తెలుగు విద్యార్థికి ప్రణవనాదం స్ఫురించడం సహజమే. కాని ఆ ఓంకారానికీ ఈ ఓమ్‌కూ ఎట్టి సంబంధమూ లేదు. ఇది జర్మనీ దేశంలో తాళాలు చేసి జీవించిన ఒక కమ్మరి ఇంటిపేరు. ఆ ఇంట పుట్టిన ఒక కుమారుడు పాఠశాలలో గణితం బోధిస్తూ, తీరిక వేళల్లో రాగితీగలను కొలుస్తూ, విద్యుత్తు నడకలో దాగిన లెక్కను పట్టుకున్నాడు. నేడు పదవ తరగతి బాలుడు అరనిమిషంలో చేసే భాగహారం అది. దానిని సాధించడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. లోకంచేత ఒప్పించడానికి మరింత కాలం పట్టింది.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16వ తేదీన ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించాడు. ఆ పట్టణం నేటి బవేరియా రాష్ట్రంలో ఉన్నది. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళాల పనివాడు. తల్లి మారియా ఎలిజబెత్ ఒక దర్జీ కుమార్తె. ఆ దంపతులకు కలిగిన ఏడుగురు బిడ్డలలో జార్జ్, తమ్ముడు మార్టిన్, ఒక చెల్లెలు మాత్రమే బ్రతికి బట్టకట్టారు. జార్జ్‌కు పదేళ్ల ప్రాయంలోనే మాతృవియోగం కలిగింది.

తండ్రి బడిలో చదువుకున్నవాడు కాడు. అయినా పగలు కొలిమి పనిచేసి, రాత్రులు పుస్తకాలు చదివి, స్వయంకృషితో గణితాన్నీ, భౌతిక రసాయన శాస్త్రాలనూ, తత్త్వశాస్త్రాన్నీ అభ్యసించాడు. తాను నేర్చినదంతా కొడుకులకు తానే బోధించాడు. పట్టణంలోని ఉన్నత పాఠశాలలో వల్లెవేయించే చదువే ప్రధానం. ఇంట మాత్రం ఆలోచింపజేసే చదువు సాగింది. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ గణితాచార్యుడు కార్ల్ క్రిస్టియన్ ఫాన్ లాంగ్స్‌డోర్ఫ్ ఒకనాడు ఈ సోదరులను పరీక్షించి విస్మయం చెందాడు. స్విట్జర్లాండులో తరతరాలుగా గణితజ్ఞులను కన్న బెర్నూలీ వంశంతో ఈ కమ్మరి ఇంటిని పోల్చాడు. తమ్ముడు మార్టిన్ కూడా అనంతరకాలంలో బెర్లిన్‌లో గణితాచార్యుడయ్యాడు. ఆ పోలిక కేవలం పొగడ్త కాదు.

1805లో జార్జ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చేరిన తరువాత చదువుకంటె నాట్యమూ, మంచుపై జారుడాటా, బిలియర్డ్సూ అతనికి ప్రియమయ్యాయి. తనకు దక్కని అవకాశం కొడుకుకు దక్కితే అతడు దానిని చేజేతులా జారవిడుస్తున్నాడని తండ్రి ఆగ్రహించాడు. మూడు అర్ధసంవత్సరాలు గడవగానే చదువు మాన్పించి స్విట్జర్లాండుకు పంపివేశాడు. 1806 సెప్టెంబరులో పదిహేడేళ్ల జార్జ్ అక్కడి గాట్‌స్టాట్ పాఠశాలలో గణితోపాధ్యాయుడుగా కుదిరాడు. ఆపైన 1809లో న్యూషాటెల్ చేరి ఇళ్లలో పాఠాలు చెప్పుకొన్నాడు. గురువు లాంగ్స్‌డోర్ఫ్ అప్పటికి హైడెల్‌బర్గ్‌కు వెళ్లిపోయాడు. తానూ అక్కడికి వస్తానని శిష్యుడు కోరగా, రావద్దనీ, ఆయిలర్, లాప్లాస్, లాక్రువా గ్రంథాలను స్వయంగా చదువుకొమ్మనీ గురువు హితవు చెప్పాడు. ఈ సలహా కఠినమైనదే. కాని ఫలితమిచ్చింది. 1811లో ఓమ్ స్వస్థలానికి తిరిగివచ్చి, ఆ సంవత్సరం అక్టోబరులోనే డాక్టరేటు పట్టం పొందాడు.

పట్టం వచ్చింది గాని పొట్ట గడవలేదు. విశ్వవిద్యాలయంలో లభించిన చిన్న ఉద్యోగంలో భవిష్యత్తు కానరాక మూడు అర్ధసంవత్సరాలకే వదులుకున్నాడు. 1813లో బవేరియా ప్రభుత్వం బాంబెర్గ్‌లోని ఒక సామాన్యమైన పాఠశాలలో ఉద్యోగమిచ్చింది. ఆ బడి 1816లో మూతపడింది. ఓమ్‌ను అదే పట్టణంలో విద్యార్థులతో క్రిక్కిరిసిన మరొక బడికి మార్చారు. మనసుకు నచ్చని ఈ కొలువులో ఉంటూనే ఆయన రేఖాగణితంపై ఒక ప్రాథమిక గ్రంథం రచించాడు. అది 1817లో వెలువడింది. దాని ప్రతిని ప్రష్యా రాజు మూడవ ఫ్రీడ్రిక్ విల్హెల్మ్‌కు పంపాడు. ఆ సంవత్సరమే ప్రష్యా ఏలుబడిలోని కొలోన్ నగరంలో, ఒకప్పుడు జెసూట్ మతగురువులు నడిపిన పాఠశాలలో, గణిత భౌతికశాస్త్రాల ఉపాధ్యాయ పదవి ఆయనను వరించింది. జీతం సంగతి ఎలా ఉన్నా అక్కడ చక్కని ప్రయోగశాల ఉన్నది. ఓమ్ జీవితాన్ని మలుపు త్రిప్పినది ఆ గదియే.

ఆనాటికి విద్యుచ్ఛాస్త్రం పసితనంలో ఉన్నది. 1800లో ఇటలీ దేశీయుడు వోల్టా విద్యుద్ఘటాన్ని నిర్మించి నిరంతర విద్యుత్ప్రవాహాన్ని లోకానికి అందించాడు. 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆయిర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించే తీగ చేరువనున్న అయస్కాంత సూచిని కదిలిస్తుందని కనుగొన్నాడు. ఈ వార్త వినగానే ఓమ్‌కు ఒక ఉపాయం తోచింది. సూచి ఎంత కదిలితే ప్రవాహం అంత బలమైనదన్నమాట. అనగా కంటికి కనబడని దానిని కొలవడానికి ఒక మార్గం దొరికింది. తీగ పొడవు పెరిగితే ప్రవాహం ఎంత తగ్గుతుంది? తీగ లావైతే ఎంత హెచ్చుతుంది? రాగికి బదులు ఇత్తడి వాడితే ఏమవుతుంది? ప్రశ్నలు చిన్నవే. వాటికి అంకెలతో సమాధానం చెప్పగలవారు మాత్రం అరుదు.

ఓమ్ పరికరాలను తన చేతులతోనే అమర్చుకున్నాడు. తండ్రి కొలిమి ప్రక్కన పెరిగినవానికి లోహంతో మెలగడం కొత్త కాదు. 1825లో ఆయన తొలి పరిశోధన పత్రం వెలువడింది. అందులోని సూత్రం తప్పు. తప్పు బుద్ధిది కాదు, విద్యుద్ఘటానిది. ఆనాటి ఘటాలు తీగ తగిలించగానే ఒక్కసారి బలంగా ప్రవాహాన్ని విడిచి, క్షణక్షణానికీ నీరసించేవి. తీగ మార్చినందువల్ల ప్రవాహం తగ్గినదా, ఘటం అలసినందువల్ల తగ్గినదా అన్నది తేల్చడం దుస్సాధ్యం. నిలకడలేని త్రాసులో తూచిన బంగారం వంటిది ఆ కొలత. అచ్చయిన సూత్రాన్ని సమర్థించుకుంటూ కాలం గడిపే పండితులు ఏ యుగంలోనైనా ఉంటారు. ఓమ్ ఆ దారి త్రొక్కలేదు. తన పనిని తానే తిరిగి మొదలుపెట్టాడు.

ఈ సమయంలో ఆయనకు తోడ్పడినవాడు భౌతికశాస్త్ర పత్రికా సంపాదకుడు పోగెన్‌డోర్ఫ్. ఘటాన్ని విడిచి ఉష్ణయుగ్మాన్ని వాడి చూడమని ఆయన సూచించాడు. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల అతికి, ఒక అతుకును వేడిగా, మరొక అతుకును చల్లగా ఉంచితే విద్యుత్తు పుడుతుందని అంతకు కొద్దికాలం మునుపు జెబెక్ కనుగొన్నాడు. ఓమ్ ఒక బిస్మత్ కడ్డీ రెండు కొనలకూ రాగి పట్టీలు బిగించాడు. ఒక అతుకును మరిగే నీటిలోనూ, మరొకదానిని మంచులోనూ ఉంచాడు. నీరు మరుగుతున్నంత సేపూ, మంచు కరుగుతున్నంత సేపూ ఆ రెండు ఉష్ణోగ్రతలు మారవు. కనుక వాటి నుండి పుట్టే విద్యుత్ ప్రేరణ కూడా మారదు. ఇంత సులభమైన ఉపాయంతో అంత జటిలమైన చిక్కు విడిపోయింది.

కొలిచే సాధనం కూడా అంతే నేర్పుగా చేయబడినది. తీగకు పైన ఒక సన్నని లోహపు పట్టీతో అయస్కాంత సూచిని వ్రేలాడదీశాడు. ప్రవాహం వల్ల సూచి ప్రక్కకు తొలగగానే, పట్టీ పై కొనను మెలిపెట్టి దానిని మునుపటి స్థానానికి తెచ్చేవాడు. ఎంత మెలిపెట్టవలసి వచ్చిందో అదే ప్రవాహానికి కొలత. ఒకే లావు గల ఎనిమిది రాగితీగలను ఎన్నుకున్నాడు. వాటి పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. 1826 జనవరిలో ఒక్కొక్క తీగనూ తగిలించి అంకెలు వ్రాసుకున్నాడు. రెండంగుళాల తీగకు సుమారు 327 విభాగాలు మెలిపెట్టవలసి వచ్చింది. 130 అంగుళాల తీగకు 48 విభాగాలు దాటి కొద్దిగా మాత్రమే చాలింది.

ఆ అంకెల వరుసలో ఒక క్రమం ఉన్నదని ఆయన గుర్తించాడు. తీగ పొడవుకు 20.25 కలిపి, 7285ను ఆ మొత్తంతో భాగిస్తే వచ్చే ఫలితం కొలిచిన అంకెతో ఇంచుమించు సరిపోతున్నది. ఉదాహరణకు 34 అంగుళాల తీగను తీసుకొందాం. 34కు 20.25 కలిపితే 54.25. దానితో 7285ను భాగిస్తే 134.3 వస్తుంది. ఓమ్ కొలిచినది 134.5. మంచునూ మరిగే నీటినీ నమ్ముకొని చేసిన ప్రయోగానికి ఇంతటి సామీప్యం ఆశ్చర్యకరమే.

ఈ రెండు అంకెలకు అర్థమేమి? 7285 అనేది ఆ ఉష్ణయుగ్మం ఇచ్చే ప్రేరణకు సంబంధించినది. మంచుకూ మరిగే నీటికీ మధ్యగల అంతరం తగ్గితే ఆ అంకె కూడా తగ్గుతుంది. నేటి పరిభాషలో దీనికి సమానమైనది వోల్టేజి. 20.25 అనేది బిస్మత్ కడ్డీ, రాగి పట్టీలు మొదలైన మిగిలిన పరికరమంతా ప్రవాహానికి కలిగించే ఆటంకం. అది 20.25 అంగుళాల రాగితీగ కలిగించే ఆటంకంతో సమానమన్నమాట. ఏ లోహమైనా, ఎంత లావైనా, దానిని ఒక ప్రామాణిక తీగ పొడవుకు కుదించి చెప్పవచ్చునన్నది ఓమ్ భావన. మనం నేడు నిరోధమని పిలుస్తున్నది ఈ కుదించిన పొడవునే. ఒక ఆటంకాన్ని పొడవుగా ఊహించడంలోనే ఆయన ప్రతిభ అంతా ఉన్నది. ఒకసారి అలా ఊహించిన తరువాత, తీగ రెట్టింపు పొడవైతే ఆటంకం రెట్టింపనీ, అడ్డుకోత వైశాల్యం రెట్టింపైతే సగమనీ అర్థం చేసుకోవడం సులభం.

ఆ సూత్రమే నేడు మనకు ఇలా పరిచితమైనది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఓమ్‌లలో వస్తుంది. మన ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. ఒక ఇస్త్రీపెట్టె 5 ఆంపియర్ల ప్రవాహాన్ని తీసుకుంటే దాని నిరోధం 230ని 5తో భాగించగా వచ్చే 46 ఓమ్‌లు. వోల్టులను ఆంపియర్లతో భాగించక గుణిస్తే దాని సామర్థ్యం వస్తుంది. 230ని 5తో గుణిస్తే 1150 వాట్లు. గంటసేపు ఎడతెగక వేడెక్కితే మీటరుపై 1.15 యూనిట్లు తిరుగుతుంది. ఒకవేళ సాయంవేళ సరఫరా 184 వోల్టులకు పడిపోయిందనుకొందాం. పెట్టెలోని తీగ అదే కనుక దాని నిరోధం ఇంచుమించు 46 ఓమ్‌లే. ప్రవాహం 4 ఆంపియర్లకు తగ్గుతుంది. సామర్థ్యం 736 వాట్లకు దిగుతుంది. వోల్టేజి ఐదింట ఒక వంతు తగ్గితే వేడి మూడింట ఒక వంతుకు పైగా తగ్గిపోయింది. వోల్టేజి తగ్గిన పూట చొక్కా మడతలు ఎంతకూ పోకపోవడానికి కారణం ఇదే.

సామర్థ్యపు లెక్క ఓమ్ చెప్పినది కాదు. తీగలో పుట్టే వేడి, ప్రవాహపు వర్గాన్నీ నిరోధాన్నీ అనుసరించి ఉంటుందని 1840, 41 ప్రాంతాలలో ఇంగ్లండులో జూల్ నిరూపించాడు. కాని నిరోధమంటే ఏమిటో స్పష్టంగా తెలియనిదే జూల్ ఆ మాట చెప్పగలిగేవాడు కాడు. మరొక సంగతి కూడా విద్యార్థులు గమనించాలి. ఈ నియమం ఉష్ణోగ్రత మారకుండా ఉన్నప్పుడు లోహాలకు వర్తిస్తుంది. వెలుగుతున్న బల్బులోని టంగ్‌స్టన్ తీగ నిరోధం, అది చల్లగా ఉన్నప్పటికంటె పది రెట్లకు పైగా ఉంటుంది. డయోడు వంటి సాధనాలు ఈ నియమాన్ని పాటించనే పాటించవు.

తిరిగి ఓమ్ కథకు వద్దాం. ప్రయోగ ఫలితం చేతికి రాగానే దానికి గణితశాస్త్ర పునాది వేయాలని ఆయన సంకల్పించాడు. 1826లో సగం జీతంపై ఒక ఏడాది సెలవు తీసుకొని, తమ్ముడున్న బెర్లిన్ నగరానికి చేరాడు. ఫ్రాన్సు గణితజ్ఞుడు ఫురియే 1822లో ఉష్ణప్రసారంపై మహాగ్రంథం ప్రకటించాడు. వేడికొన నుండి చల్లని కొనకు వేడి ప్రవహించినట్లే, విద్యుత్తు కూడా తీగలో ఎక్కువ నుండి తక్కువకు ప్రవహిస్తుందని భావించి, ఓమ్ తన సిద్ధాంతాన్ని అదే పద్ధతిలో నిర్మించాడు. విద్యుద్వలయాన్ని గణితరీత్యా వివరించే ఆయన గ్రంథం 1827లో బెర్లిన్‌లో ప్రచురితమైంది.

ఆ గ్రంథంతో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభిస్తుందని ఆయన ఆశించాడు. ఆశ అడియాస అయింది. ఆనాటి బెర్లిన్‌లో హెగెల్ తత్త్వానికి గొప్ప పలుకుబడి. ప్రకృతి రహస్యాలను తర్కంతో దర్శించాలే గాని, తీగలు కొలిచి సమీకరణాలు వ్రాయడం చిన్నపని అన్న భావం విద్యాశాఖ పెద్దలలో కొందరికి ఉండేది. భౌతికశాస్త్రజ్ఞుడైన పోల్ ఈ గ్రంథాన్ని తీవ్రంగా ఖండించాడు. మరి ప్రయోగాలు చేసేవారి సంగతి వేరు. వారికి అందులోని గణితం కొరుకుడు పడలేదు.

అయితే దోషమంతా లోకానిదే అనడం న్యాయం కాదు. ఓమ్ తన గ్రంథంలో గణితాన్ని విస్తరించి, దానికి ఆధారమైన అపురూప ప్రయోగాలను దాదాపు మరుగుపరిచాడు. పాఠకునికి మంచూ మరిగే నీరూ ఎనిమిది తీగలూ చూపి ఉంటే అంత వ్యతిరేకత వచ్చి ఉండేది కాదేమో! వోల్టేజిని ఆయన ఊహించిన తీరులో కూడా కొంత గజిబిజి ఉన్నది. దానిని 1849లో కిర్కాఫ్ సరిదిద్దాడు. పైగా ఆయనను అందరూ తిరస్కరించారన్న ప్రచారంలో అతిశయోక్తి లేకపోలేదు. లైప్జిగ్‌లో ఫెక్నర్ అనేక ప్రయోగాలు చేసి, ఓమ్ నియమం సత్యమేనని 1831లోనే ప్రకటించాడు.

కాని ఆ మద్దతు ఆయన బ్రతుకుతెరువుకు అక్కరకు రాలేదు. ఓమ్ మనసు విరిగి 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. బెర్లిన్‌లోనే ఉండి సైనిక పాఠశాల మొదలైన చోట్ల కొద్ది గంటలు గణితం చెప్పుకుంటూ ఆరేళ్లకు దగ్గరగా గడిపాడు. ముప్పైతొమ్మిది మొదలు నలభైనాలుగు వరకు గల ఆ వయసు ఏ శాస్త్రజ్ఞునికైనా మంచి పంట పండే కాలం. చివరకు 1833లో న్యూరెంబర్గ్ నగరపు పాలిటెక్నిక్ పాఠశాల ఆయనను భౌతికశాస్త్రాచార్యునిగా పిలిచింది. కోరుకున్న విశ్వవిద్యాలయ పీఠం అది కాదు. అయినా అక్కడ స్థిరపడి, 1839లో ఆ పాఠశాలకు అధిపతి అయ్యాడు. నేడు ఆ నగరంలోని సాంకేతిక ఉన్నత విద్యాసంస్థ ఆయన పేరు ధరించి ఉన్నది.

గుర్తింపు పరాయి దేశం నుండి వచ్చింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ తన అత్యున్నత పురస్కారమైన కోప్లీ పతకాన్ని ఆయనకు ప్రదానం చేసింది. ఆ సంవత్సరమే ఆయన గ్రంథం ఆంగ్లంలోకి అనువాదమైంది. మరుసటి ఏడు సొసైటీ విదేశీ సభ్యత్వం కూడా లభించింది. 1843లో వీట్‌స్టన్ ఓమ్ నియమాన్ని ఆధారం చేసుకొని నిరోధాలను కొలిచే పద్ధతులను వివరించాడు. దీని వెనుక లోకావసరం కూడా ఉన్నది. అప్పుడప్పుడే టెలిగ్రాఫు తీగలు ఊరూరికీ సాగుతున్నాయి. ఎంత పొడవు తీగకు ఎన్ని ఘటాలు కావాలి? భూగర్భంలోనో సముద్రగర్భంలోనో తీగ చెడితే ఏ చోట చెడినది? ఒడ్డున కూర్చుండి నిరోధం కొలిచి దూరం చెప్పగలగడం ఓమ్ లెక్క వల్లనే సాధ్యమైంది. తత్త్వవేత్తల వాదాలకంటె తంతి తీగలే ఆయన పక్షాన బలంగా సాక్ష్యం చెప్పాయి.

స్వదేశం ఆలస్యంగా మేలుకొన్నది. 1845లో బవేరియా అకాడమీ పూర్తి సభ్యత్వమిచ్చింది. 1849లో మ్యూనిక్ నగరానికి రప్పించి, అకాడమీవారి భౌతికశాస్త్ర పరికరాల భాండారాన్ని అప్పగించింది. యౌవనం నాటి నుండి కలలుగన్న విశ్వవిద్యాలయ ఆచార్య పీఠం 1852లో మ్యూనిక్‌లో దక్కేసరికి ఆయనకు అరవైమూడేళ్లు. దానిని అనుభవించినది రెండేళ్లే. వివాహం చేసుకోని ఓమ్ 1854 జూలై 6వ తేదీన మ్యూనిక్‌లో కన్నుమూశాడు.

ఈ కథకు ఒక వింతైన ఉపకథ ఉన్నది. ఓమ్ పుట్టుకకు మునుపే, 1781లో, ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ ఇటువంటి నియమాన్నే గ్రహించాడు. ప్రవాహాన్ని కొలిచే సాధనం లేక, తన శరీరానికి తగిలే షాకు తీవ్రతను బట్టి ఎక్కువ తక్కువలను నిర్ణయించాడు! ఏకాంతప్రియుడైన ఆ ధనికుడు దానిని ప్రకటించకుండా కాగితాలలోనే దాచుకున్నాడు. మాక్స్‌వెల్ ఆ కాగితాలను పరిష్కరించి 1879లో ప్రచురించేదాకా లోకానికి తెలియలేదు. అప్పటికి ఓమ్ మరణించి పాతికేళ్లు.

1881లో పారిస్ మహానగరంలో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధ ప్రమాణానికి ఓమ్ అన్న పేరును స్వీకరించింది. వోల్టా పేర వోల్టు, ఆంపియర్ పేర ఆంపియర్ కూడా ఆ సభలోనే స్థిరపడ్డాయి. 1889లో జరిగిన రెండవ సభలో సామర్థ్యానికి వాట్ అనే పేరు కుదిరింది. 1893లో షికాగో సభ, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత, 106.3 సెంటీమీటర్ల ఎత్తు గల పాదరస స్తంభపు నిరోధాన్ని మంచు కరిగే ఉష్ణోగ్రత వద్ద ఒక ఓమ్‌గా నిర్వచించింది. ఆటంకాన్ని పొడవుగా చెప్పిన ఓమ్ పద్ధతి, ఆయన పేరిటి ప్రమాణంలోనే మరల కనబడింది. ఆంగ్లాక్షరం ఓ సున్నాగా భ్రమింపజేస్తుంది కనుక గుర్తుగా గ్రీకు అక్షరం ఒమేగాను ఎన్నుకున్నారు. నిరోధానికి విలోమమైన వాహకతకు కూడా ఒక పేరు కావలసి వచ్చినప్పుడు, కెల్విన్ ఓమ్ పేరులోని ఆంగ్లాక్షరాలను వెనుక నుండి ముందుకు చదివి మో అని పెట్టాడు. 1971లో ఆ ప్రమాణానికి సీమెన్స్ అని కొత్త పేరు వచ్చింది. పాత పాఠ్యపుస్తకాలలో మో నేటికీ తలక్రిందులైన ఒమేగా గుర్తుతో కనిపిస్తుంది.